తోలు చూసి మురిసిపోకండి, బొమ్మలు లెక్కపెట్టండి: పాత హాస్య చరిత్ర పుస్తకాలు సేకరించడం ఎలా

ఆరేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గ్రూప్ 2 గైడ్ల కుప్ప పక్కన ఎర్రటి తోలు వీపున్న పుస్తకం ఒకటి కనబడింది. వీపు మీద బంగారు గీతలు, లోపల నెమలి పింఛంలాంటి రంగుల కాగితం. తెరవగానే చేత్తో రంగులద్దిన బొమ్మ, అందులో తమ కాలంలో లేని వేషాలు వేసుకున్న రోమన్లు. గుండె దడదడలాడింది. "బోణీ బేరం సార్, రెండు వేలియ్యండి" అన్నాడు అమ్మేవాడు. పద్నాలుగు వందలకు తెగింది. ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి తీరిగ్గా లెక్కపెడితే రంగు బొమ్మలు ఏడే ఉన్నాయి. ఉండాల్సినవి పది.

మూడు బొమ్మల్ని ఎవరో బ్లేడుతో కోసేసుకున్నారు, ఫ్రేమ్ కట్టించి అమ్ముకోవడానికి. అమ్మినవాడికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తప్పు నాదే, తోలు చూసి పడిపోయాను. కాబట్టి ఈ మార్గదర్శిలో తోలు కంటే బొమ్మల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఏం వెతుకుతున్నారో తేల్చుకోండి

హాస్య చరిత్ర అంటే జోకుల పుస్తకం కాదు. రాజుల్నీ యుద్ధాల్నీ నిజం చరిత్రలాగే వరసగా చెబుతూ, మధ్యలో వాళ్ల గాలి తీసేసే పుస్తకం. ఇంగ్లిష్‌లో ఈ రకానికి పెద్ద దిక్కు గిల్బర్ట్ ఎబట్ ఎ బెకెట్. 1841లో లండన్‌లో మొదలైన 'పంచ్' హాస్య పత్రికకు రాసేవాడు. చదివింది లా, తర్వాత మేజిస్ట్రేటు కూడా అయ్యాడు. కోర్టులో కూర్చుని తీర్పులిచ్చిన మనిషి రాజుల మీద ఇన్ని వెటకారాలు రాశాడంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అతని 'కామిక్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లండ్' 1847, 1848ల్లో రెండు సంపుటాలుగా వచ్చింది. 'కామిక్ హిస్టరీ ఆఫ్ రోమ్' ఆ తర్వాత, 1850ల మొదట్లో. రెండింటికీ బొమ్మలు వేసింది జాన్ లీచ్. 1843లో డికెన్స్ 'ఎ క్రిస్మస్ కారల్'కి బొమ్మలు గీసింది కూడా ఇతనే.

కొత్తవాళ్లు ఈ రెండింటితో మొదలుపెట్టడం మంచిది. ఎక్కువగా అచ్చయ్యాయి, ఇప్పటికీ దొరుకుతున్నాయి. పైగా వీటి పూర్తి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి పోల్చి చూసుకోవచ్చు.

ఇంకొంచెం దూరం వెళ్లాలనుకుంటే గుస్తావ్ దొరే 1854లో ఫ్రెంచిలో తెచ్చిన రష్యా చరిత్ర ఉంది, ఐదు వందలకు పైగా బొమ్మలతో. భాష రాకపోయినా బొమ్మలే కథ చెప్పేస్తాయి. అమెరికా వైపు బిల్ నై 1894లో రాసిన అమెరికా చరిత్ర ఉంది, దానికి బొమ్మలు ఆపర్ అనే కార్టూనిస్టు వేశాడు. '1066 అండ్ ఆల్ దట్' అందరూ చెప్పే పేరే గానీ అది 1930 నాటిది, నూరేళ్లు నిండలేదు. చదువుకోవడానికి కొనుక్కోండి.

మన ఊరివాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేది 'కర్రీ అండ్ రైస్'. అట్కిన్‌సన్ అనే సైనికాధికారి 1850ల చివర్లో వేసిన 40 ప్లేట్ల (విడి కాగితాల మీద అచ్చేసిన బొమ్మల) పుస్తకం, ఇండియాలో తెల్లదొరల కాలక్షేపాల మీద వెక్కిరింపు. కచ్చితంగా చెప్పాలంటే అది చరిత్ర కాదు. కానీ అందులోని కల్పిత ఊరు పేరు 'కబాబ్', అది 'దేక్చీ' మైదానాల్లో, 'బావర్చీ' రాష్ట్రంలో ఉంటుంది. ఈ మూడు మాటలకూ అర్థం చెప్పించుకోవాల్సిన అవసరం హైదరాబాద్‌లో ఎవరికుంది?

తోలు అట్ట అసలుది కాకపోవచ్చు

ఇది చాలామందికి తెలియదు. ఎ బెకెట్ చరిత్రలు మొదట నెలనెలా పల్చటి భాగాలుగా వచ్చాయి. అన్నీ పోగయ్యాక కొన్నవాళ్లు బైండర్ దగ్గరికి తీసుకెళ్లి తమ స్తోమతను బట్టి కట్టించుకునేవారు. ప్రచురణకర్త అమ్మిన సంపుటాలకు గుడ్డ అట్టే ఉండేది. అంటే మీరు చూసే తోలు అట్ట మొదటి యజమాని వేయించినదై ఉండొచ్చు, యాభై అరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో అందం కోసం మార్పించినదీ కావచ్చు. రివియేర్, జేన్స్‌డార్ఫ్, బేంటన్ లాంటి పేరున్న బైండర్లు ఇలా చాలా పుస్తకాలకు కొత్త తోలు వేశారు. వాళ్ల ముద్ర అట్ట లోపలి అంచున గానీ, మొదటి ఖాళీ కాగితం మూల గానీ చీమంత అక్షరాల్లో ఉంటుంది. టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి.

మొదటి ముద్రణ మోజున్నవాళ్లు గుడ్డ అట్టనే ఎక్కువ ఇష్టపడతారు. తోలు మోజున్నవాళ్లకు బైండర్ ముఖ్యం. రెండూ తప్పు కాదు, మీరు దేనికి డబ్బు పెడుతున్నారో మీకు తెలిస్తే చాలు. మంచి బైండర్ అయితే పాత గుడ్డ అట్టను పారేయకుండా చివర్న కలిపి కుట్టేవాడు. అది కనబడితే బేరంలో మొహం మీద నవ్వు రానివ్వకండి.

తోలులో రకాలు చేత్తో తడిమితే తెలుస్తాయి. దూడ తోలు నున్నగా, గరుకు లేకుండా ఉంటుంది, గీతలు త్వరగా పడతాయి. మొరాకో అంటే మేక తోలు, గరుకుగా చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది, అన్నిటికన్నా గట్టిది. గొర్రె తోలు చవక, పొరలుపొరలుగా లేస్తుంది. పుస్తకమంతా తోలు కప్పితే ఫుల్ లెదర్, వీపుకీ మూలలకీ మాత్రమే అయితే హాఫ్, వీపుకి మాత్రమే అయితే క్వార్టర్. అమ్మేవాళ్లు మూడింటినీ 'లెదర్ బౌండ్' అనే అంటారు.

పుస్తకం చేతిలోకి రాగానే

మొదట కీళ్లు చూడాలి. అట్ట వీపుకు కలిసే చోటునే కీలు అంటున్నాను. తోలు పుస్తకం విరిగేది అక్కడే. పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరవకండి, అట్టను నిటారు దాకా తెరిచి కింద రెండో చెయ్యి ఆనించండి. గీత మాత్రమే పడితే ఫర్వాలేదు. లోపలి దారాలు కనబడుతూ అట్ట ఊగుతుంటే ధర సగానికి అడగండి.

తర్వాత బొమ్మలు. ముఖపత్రం (పుస్తకం పేరు, రచయిత పేరు అచ్చేసిన లోపలి పేజీ) మీద గానీ, దాని తర్వాత వచ్చే ప్లేట్ల పట్టికలో గానీ ఎన్ని ఉండాలో ఉంటుంది. ఇంగ్లండ్ చరిత్రకు సంపుటానికి 10 చొప్పున 20 రంగు ప్లేట్లు, రోమ్ చరిత్రకు 10. అక్షరాల మధ్య అచ్చయిన నలుపు తెలుపు చెక్క అచ్చు బొమ్మలు వేరు, అవి ఇంగ్లండ్ చరిత్రలో రెండు వందలకు పైనే. వాటిని ఎవరూ కోయరు, ఎందుకంటే అవి కథతో పాటే ఒకే కాగితం మీద ఉంటాయి. రంగు ప్లేట్లు విడి కాగితాలు, విడిగా అచ్చేసి తర్వాత మధ్యలో కలిపినవి. దొంగల కన్ను వాటి మీదే.

కోసేసిన ప్లేటు రెండు గుర్తులు వదిలి వెళుతుంది. ఒకటి, వీపు లోపలి మడత దగ్గర వేలి గోరంత వెడల్పున మిగిలిన కాగితపు పట్టీ. రెండోది ఇంకా బాగుంటుంది. ఏళ్ల తరబడి బొమ్మ ఆనుకుని ఉండటంతో ఎదుటి పేజీ మీద దాని నీడ పడుతుంది, పల్చటి గోధుమరంగు చతురస్రం. నా రోమ్ పుస్తకంలో ఒక పేజీని కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఆ చతురస్రంలో ఒక మనిషి భుజం, చాచిన చెయ్యి లీలగా తెలుస్తాయి. బొమ్మ ఎక్కడికో పోయింది, నీడ మాత్రం నా దగ్గరుంది. పేజీ నంబర్లు సరిపోయాయి కదా అని మోసపోకండి, ప్లేట్లకు పేజీ నంబర్లు ఉండవు.

రంగు నిజంగా చేత్తో వేసిందేనా అన్నది తేల్చడానికి నగలవాళ్లు వాడే పదింతల లూప్ (చిన్న భూతద్దం) ఒకటి జేబులో పెట్టుకోండి. చేత్తో అద్దిన రంగు గీత దాటి కొంచెం బయటికొస్తుంది, కొన్నిచోట్ల చిక్కబడి మడుగు కడుతుంది, కుంచె జాడ కనబడుతుంది. ముద్రించిన రంగైతే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ప్లేటు చుట్టూ కాగితం కొంచెం లోపలికి నొక్కుకుపోయి దీర్ఘచతురస్రంలా ఉంటే అది లోహపు రేకు నొక్కిన గుర్తు, మంచిదే. అయితే ప్లేట్ల అంచులు కత్తిరించి ఉంటే ఆ గుర్తు కనబడకపోవచ్చు. ఒక జాగ్రత్త: తర్వాతి ముద్రణల్లోనూ రంగు బొమ్మలున్నాయి. రంగు చూసి మొదటి ముద్రణ అని తీర్మానించకండి.

గోధుమరంగు మచ్చల్ని ఫాక్సింగ్ అంటారు. నాలుగైదు మచ్చలకు బేజారు పడనక్కర్లేదు. బొమ్మలోని మనిషి మొహం మీద ఉంటే మాత్రం ఆలోచించండి.

ఏ ముద్రణో తేల్చడం

సంవత్సరం కొన్నిసార్లు రోమన్ అంకెల్లో ఉంటుంది. ఎమ్, డీ, మూడు సీలు, ఎక్స్, ఎల్, వీ, రెండు ఐలు అంటే 1847. రోమ్ చరిత్ర మీద అసలు సంవత్సరమే వేయలేదు, అక్కడ ప్రచురణకర్త పేరు సాయం చేస్తుంది. 'బ్రాడ్‌బరీ అండ్ ఎవన్స్' అని ఉంటే పాతది. 'బ్రాడ్‌బరీ, ఆగ్న్యూ' అని ఉంటే 1872 తర్వాతిది, ఎందుకంటే ఆ కంపెనీకి ఆ పేరు వచ్చిందే అప్పుడు. అమ్మేవాడు "ఫస్ట్ ఎడిషన్ సార్" అన్నప్పుడు నేను మాట్లాడకుండా ముఖపత్రం అడుగు భాగం చూస్తాను.

హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి

నిజం చెప్పాలంటే, చాలా తక్కువ. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసేస్తే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. తొంభై పాళ్లు పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లిష్ నవలలు. పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుండాలి, కట్టలు విప్పుతుండగానే చూడాలి. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో పై అరల మీద, ఎవరూ నిచ్చెన వేయని చోట అడగండి. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పుస్తకాల కోసం వెళ్లడం దండగ. కానీ పాత ట్రంకు పెట్టెల్లో కాగితాలు వస్తుంటాయి, వెళితే పెట్టె మూత తీయించండి.

ఇవి మన ఊరికి ఎలా వచ్చాయన్నది ఆలోచిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806 నుంచీ ఉంది, కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది, నవాబుల ఇళ్లలో ఇంగ్లిష్ లైబ్రరీలుండేవి. ఒక పాత ఇల్లు అమ్ముడుపోయి పిల్లలు అమెరికాలో ఉన్నప్పుడు ఆ అల్మారాలు పాత సామాన్లు కొనే కబాడీకి వెళ్తాయి. అందుకని పుస్తకాల వ్యాపారి కంటే ఇద్దరు ముగ్గురు కబాడీవాళ్లకు మీ నంబరిచ్చి, "తోలు అట్ట, లోపల బొమ్మలు, ఇంగ్లిష్. కాటా వేసే ముందు ఫోటో పంపు భాయ్" అని చెప్పి ఉంచండి. నాకు వచ్చిన మంచి పుస్తకాల్లో రెండు అలా వచ్చినవే. వాళ్లకు కాటా ధర ఇచ్చి మురిసిపోకండి. సరైన డబ్బిస్తే తర్వాతి ఫోటో కూడా మీకే వస్తుంది.

లైబ్రరీ ముద్ర ఉండి, 'తొలగించబడినది' అన్న ముద్ర లేని పుస్తకం ఎంత చవకైనా కొనకండి. అది బయటికి వచ్చిన దారి మంచిది కాదు. చూసి నేర్చుకోవడానికైతే అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది. పాత బైండింగులు ఎలా ముసలివవుతాయో అలాంటి చోట నాలుగు రోజులు చూస్తే కంటికి అలవాటవుతుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

పూర్తి సెట్లు కావాలంటే చివరికి ఆన్‌లైనే గతి. అబేబుక్స్, బిబ్లియో, ఈబే చూస్తుంటాను. ముఖపత్రం ముందూ వెనకా, వీపు, రెండు కీళ్లు, ప్రతి రంగు ప్లేటు, ఇన్నిటికీ ఫోటోలు అడగండి. ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

వాళ్ల భాషతో కొంచెం తంటా ఉంది. 'కాంటెంపరరీ కాఫ్' అంటే ఇప్పటి బైండింగ్ అనుకునేరు, కాదు. పుస్తకం అచ్చయిన కాలంలోనే వేసిన దూడ తోలు అని అర్థం. 'రీబ్యాక్డ్' అంటే వీపు తోలు కొత్తది. 'ల్యాకింగ్' అన్న మాట ఎక్కడున్నా దాని పక్కన అంకె చూడండి, ఆ అంకె ఎంతో అన్ని ప్లేట్లు తక్కువన్నమాట. 'టీఈజీ' అంటే పై అంచుకు బంగారు పూత.

మన దేశంలో ఇంకో ఉచ్చు ఉంది. 'లెదర్ బౌండ్, 1847' అని పెట్టి రెండు మూడు వేలకు అమ్ముతారు. ఫోటోలో తోలు ధగధగలాడుతుంటుంది. వివరాల్లో చివరి లైను చదివితే 'రీప్రింట్' అని ఉంటుంది. పాత స్కాన్‌ని నలుపు తెలుపులో అచ్చేసి కొత్త తోలు తొడిగినది. మోసమని అనను, చెప్పే అమ్ముతున్నారు. కానీ మా బంధువు ఒకాయన అది నాకు పుట్టినరోజుకు బహుమతిగా ఇచ్చి, "నూట డెబ్బై ఏళ్లనాటిది బావా" అన్నాడు. ఏం చెప్పను, థాంక్స్ అన్నాను.

విదేశం నుంచి తెప్పిస్తే పోస్టేజీ పుస్తకం ధరను దాటిపోవచ్చు. కస్టమ్స్ ఎంత పడుతుందో కొనకముందే కనుక్కోండి.

ఇంటికి తెచ్చాక

కొత్తగా వచ్చిన పుస్తకాన్ని తిన్నగా అలమరలో పెట్టకండి. నెల రోజులు విడిగా ఉంచండి. కింద తెల్ల కాగితం పరిస్తే పురుగుంటే రవ్వలాంటి పొడి రాలుతుంది. పొడి కనబడితే జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవర్ విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచాలి, లేకపోతే చెమ్మ పుస్తకం మీదే పడుతుంది. మా ఆవిడ చికెన్ పక్కన జూలియస్ సీజర్ని చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దుమ్ముకు మెత్తటి పెయింటింగ్ బ్రష్, వీపు వైపు నుంచి బయటికి. తడి గుడ్డ వద్దు. తెల్ల గ్లౌజులూ వద్దు, వేళ్ల పట్టు తెలియక కాగితం చిరుగుతుంది. చేతులు కడుక్కుని ఆరనిస్తే చాలు.

తోలుకు నూనె రాయకండి. ఇది నా రెండో పాఠం. దూడ తోలు వీపున్న పుస్తకం ఒకటి పట్టుకుంటే వేళ్లకు ఇటుక పొడిలాంటిది అంటుకునేది. తోలు ఎండిపోయిందనుకుని కొబ్బరి నూనె రాశాను. తెల్లారేసరికి వీపు నల్లబడింది, లోపలి కాగితానికి జిడ్డు మరక దిగింది, పొడి మాత్రం ఆగలేదు. దాన్ని రెడ్ రాట్ అంటారని తర్వాత తెలిసింది. గాలిలోని గంధకపు పొగలను తోలు పీల్చుకుని లోపల ఆమ్లం తయారై పొడైపోవడం. పందొమ్మిదో శతాబ్దం చివరి తోళ్లకు ఇది ఎక్కువ. దీనికి నూనె వైద్యం కాదు. తెలిసినవాళ్లు క్లూసెల్ జీ అనే పదార్థాన్ని ఆల్కహాల్‌లో కలిపి పల్చగా పూస్తారు, పొడి రాలడం ఆగుతుంది గానీ తోలు మళ్లీ కొత్తదవదు. మనకు చేతకాకపోతే ఆమ్లం లేని కాగితంతో జాకెట్ వేసి ఊరుకోవడం నయం.

ఇక హైదరాబాద్ వాతావరణం. ఎండాకాలంలో తోలు బిగుసుకుపోతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా బూజు పడుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. చిన్న డిజిటల్ మీటర్ ఒకటి అలమరలో పెట్టండి. బయటి గోడకు ఆనించిన ఇనప బీరువా అన్నిటికన్నా ప్రమాదం. గోడ నుంచి జానెడు దూరం జరపండి, వానాకాలంలో వారానికోసారి తలుపులు తీసి ఫ్యాన్ వేయండి. కలరా ఉండలు పుస్తకానికి తగలకుండా గుడ్డలో కట్టి ఉంచండి. మా నాన్న వస కొమ్ములు పెట్టేవారు, తాటాకుల కాలం నుంచీ వచ్చిన అలవాటు. నేనూ పెడతాను, వాసన బాగుంటుందని.

అలమరలోంచి తీసేటప్పుడు వీపు పై అంచును వేలితో లాగకండి, అక్కడే చిరుగుతుంది. పక్క రెండు పుస్తకాల్ని లోపలికి తోసి, మధ్యలో పట్టుకుని తీయండి.

బైండర్ దగ్గరికి వెళ్లేముందు

ఛత్తా బజార్ చుట్టుపక్కల పాతకాలపు బైండింగ్ చేతులు ఇంకా ఉన్నాయి. పనివాడు మంచివాడైనా మీరు చెప్పకపోతే అలవాటైన పని చేసేస్తాడు. మూడు మాటలు కాగితం మీద రాసివ్వండి: అంచులు కటింగ్ కొట్టొద్దు, తెల్ల గమ్ము వాడొద్దు, పాత వీపు పారేయొద్దు. మైదా జిగురు మంచిదే, ఎందుకంటే తర్వాత తడిపి తీయొచ్చు. అయితే పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలపడం మన బైండర్లకు అలవాటు. అందులోని రాగి కాలక్రమంలో కాగితాన్ని తినేస్తుంది. "తుత్తం లేకుండా ఉడికించు" అంటే వింతగా చూస్తారు, చూడనివ్వండి.

చట్టం, ఖాతా

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులూ, 75 ఏళ్లు దాటి చారిత్రక, సాహిత్య విలువున్న రాతప్రతులూ పత్రాలూ అనుమతి లేకుండా దేశం దాటకూడదు. అచ్చు పుస్తకం కదా అని మీరే తీర్మానించుకుని అమెరికాలోని తమ్ముడికి పార్శిల్ చేయకండి. పురావస్తు శాఖను అడిగి, కావాల్సిన సర్టిఫికెట్ తీసుకుని పంపండి.

ప్రతి పుస్తకానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టండి. ఎక్కడ కొన్నారు, ఎంతకు, బైండర్ ముద్ర, ప్లేట్ల లెక్క, కొన్ననాటి ఫోటోలు. బిల్లు ఉంటే అంటించండి. నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా ఉంది: "రోమ్. ఎర్ర హాఫ్ మొరాకో. ఆబిడ్స్, 1400. ప్లేట్లు 10కి 7." దాని కింద లేని మూడు ప్లేట్ల పేర్లు పెన్సిల్‌తో రాసుకున్నాను. పోయిన సంవత్సరం అట్టలు ఊడిపోయిన ఇంకో రోమ్ దొరికింది, అందులో ఆ మూడింట్లో ఒకటి ఉంది. కోసి ఇందులో పెట్టాలని చెయ్యి లాగింది. పెట్టలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పెన్సిల్ గీతలు మూడూ అలాగే ఉన్నాయి.